అర డిగ్రీ వేడి

వేసవి అంతా ఈ పుటల వైపు రాలేకపోయాను. కుశలమడుగుతూ ఉత్తరాలు వ్రాసినవారికి కృతజ్ఞతలు. ఛందస్సు గురించో, పాత నిఘంటువుల గురించో వ్రాసుకునే తెలుగు పండితుడు హఠాత్తుగా గుండె నాళాల లోపలి ఉష్ణోగ్రతను గురించి వ్రాయబూనడం వింతగా తోచవచ్చు. నేను వైద్యుణ్ణి కాను. తప్పులుంటే తెలిసినవారు దిద్దగలరు. పదకొండేళ్ళుగా నాలో నలుగుతున్న ఒక ప్రశ్నకు అక్కడ సమాధానం దొరికింది కనుక వ్రాయక తప్పడం లేదు.

నాతోపాటు ఒకే జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో చాలాకాలం పనిచేసిన లెక్కల మాస్టారు ఒకరుండేవారు. పేరు వ్రాయను. అంకె లేని మాటను ఆయన నమ్మేవారు కారు. "అంకెలు అబద్ధమాడవు పంతులుగారూ" అన్నది ఆయన ఊతపదం. 2014 వర్షాకాలంలో, సైకిలు మీద కాలువ వంతెన ఎక్కేటప్పుడు ఎదలో పట్టేసినట్లు ఉంటున్నదని పట్నం వెళ్ళి పరీక్షలన్నీ చేయించుకున్నారు. యాంజియోగ్రాం కూడా తీశారు. ఒక నాళంలో 30 శాతం, మరొకదానిలో 40 శాతం అడ్డు ఉన్నది, స్టెంటు అక్కరలేదు, మాత్రలు మాత్రం క్రమం తప్పకుండా వాడాలి అన్నారు వైద్యులు.

ఆ కాగితం పట్టుకుని మాస్టారు ఉపాధ్యాయుల గదిలోకి వచ్చిన తీరు నాకింకా కళ్ళకు కట్టినట్లు ఉంది. "మన బడిలో 35 దాటితే పాసు. ఇక్కడ తక్కువ మార్కులు వచ్చినవాడే గెలిచినట్లు" అని నవ్వారు. అందరం నవ్వాము. అంతటితో ఆగితే బాగుండేది. నేను ఆగలేదు. "ఇంత బాగున్నప్పుడు ఈ గుప్పెడు మాత్రలు దేనికండీ? ఆ కొలెస్టరాలు మాత్ర కండరాలను తినేస్తుందట" అన్నాను. ఎవరో అనగా విన్న మాట. శబ్దార్థాలలో ఆకరం చూడనిదే అడుగు వేయనివాణ్ణి, వైద్యంలో మాత్రం గాలి కబురును ప్రమాణంగా చెప్పాను. నెల తిరగకముందే ఆయన మాత్రలు మానేశారు. "మీరన్నది నిజమే, మానేశాక ఒళ్ళు తేలికగా ఉంది" అని నాతోనే అన్నారు.

యాంజియోగ్రాం అయిన ఏడు వారాలకు ఒక తెల్లవారుజామున వసారాలో కూలిపోయారు. ఆసుపత్రికి చేరేసరికి నాళం పూర్తిగా మూసుకుపోయిందన్నారు. అంతే.

ఏడు వారాలలో 40 నూరు ఎట్లా అయింది? ఇదీ నా ప్రశ్న. కాలువలో పూడిక ఏళ్ళ తరబడి పేరుకుంటుంది. డెల్టాలో పుట్టినవాణ్ణి, ఆ మాత్రం తెలుసు. మాస్టారే ఉంటే ముందు ఈ లెక్కనే అడిగేవారు.

ఈ ఏప్రిల్‌లో నా వంతు వచ్చింది. హైదరాబాదులో మా చెల్లెలి కూతురు హృద్రోగ వైద్యురాలు. దాని బలవంతం మీద యాంజియోగ్రాం తీయించుకున్నాను. ఒకచోట 60 శాతం. ప్రస్తుతానికి మందులతో చూద్దామన్నారు. నెల రోజులు దాని ఇంట్లోనే ఉండవలసి వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ పాత ప్రశ్నను దాని ముందుంచాను. మాత్రల సంగతి అప్పుడు చెప్పలేదు.

"మామయ్యా, యాంజియోలో కనబడేది నెత్తురు పారే దారి మాత్రమే. గోడ కనబడదు" అంది. దినపత్రిక అంచు మీద బొమ్మ వేసి చూపింది. రంగుమందు ఎక్కించి తీసే ఆ చిత్రంలో మనం చూసేది నాళపు నీడను. కొవ్వు పేరుకునేది గోడ లోపల. పైగా నాళం మొదట్లో వెలుపలికి ఉబ్బి దారిని కాపాడుకుంటుందట. గోడలో పూడిక 40 శాతం వరకూ పెరిగినా దారి ఇరుకు కాకపోవచ్చునని 1987లో గ్లాగోవ్ అనే అమెరికా వైద్యుడూ ఆయన సహచరులూ చూపారు. మరుసటి సంవత్సరం లిటిల్ అనే ఆయన బృందం ఇంకొక పని చేసింది. గుండెపోటు వచ్చినవారిలో, అంతకుముందే ఎప్పుడో యాంజియోగ్రాం తీయించుకున్నవారి పాత చిత్రాలు తిరగేసింది. తరువాత మూసుకుపోయిన నాళం మూడింట రెండు వంతుల మందిలో పాత చిత్రంలో సగమైనా ఇరుకుగా లేదు!

ఆ మాట విని నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. మాస్టారి కాగితంలోని అంకె అబద్ధమాడలేదు. అది మరొక ప్రశ్నకు సమాధానం.

మరి ఏడు వారాలలో ఏమవుతుంది? గోడలోని పూడిక అంతా ఒక్క తీరుగా ఉండదు. కొన్ని గట్టిపడి, సున్నం పట్టి, రాయిలాగా పడి ఉంటాయి. కొన్నింటి లోపల మెత్తని కొవ్వు ముద్ద, దానిపైన పలుచని పొర. ఆ పొర సుమారు 65 మైక్రాన్లు, అంటే రమారమి ఒక వెంట్రుక మందం మాత్రమే ఉన్నవి ప్రమాదకరమైనవి. కొవ్వును తినడానికి చేరిన భక్షక కణాలు ఆ పొరను అరగదీసే ద్రవాలను వదులుతుంటాయి. ఒకనాడు పొర పగులుతుంది. లోపలిది నెత్తురుకు తగిలిన మరుక్షణం గడ్డ కట్టడం మొదలవుతుంది. మన భాషలో చెప్పాలంటే అది పూడిక వల్ల ఆగిన కాలువ కాదు, గట్టు విరిగి పడి మూసుకుపోయిన కాలువ. దానికి ఏడు వారాలు అక్కరలేదు, ఏడు నిముషాలు చాలు.

ఇక్కడ కొంచెం మాటల ముచ్చట. ఈ పూడికను నిఘంటువులు 'ఫలకం' అంటున్నాయి. ఫలకమంటే పలక, చదునైన బిళ్ళ. నాకు నచ్చలేదు. మన 'పూడిక' ఉండగా అదెందుకు? జబ్బుకు ఇంగ్లీషులో ఉన్న 'అథెరోస్క్లెరోసిస్' అనే పేరు మాత్రం బహు చక్కనిది. గ్రీకులో 'అథేరే' అంటే జావ, 'స్క్లెరోసిస్' అంటే గట్టిపడడం. జావ, రాయి ఒకే మాటలో ఇమిడాయి. 1904లో మార్షాన్ అనే జర్మన్ వైద్యుడు కూర్చిన సమాసమిది. మన సమాస ప్రకరణంలో పెట్టుకోదగినంత బాగుంది.

మరొక మాట 'ఇన్‌ఫ్లమేషన్'. అందులో ఉన్నది మంటే. మనం కాలేయతాపం అన్నప్పుడు వాడే 'తాపం' దానికి సరిగ్గా సరిపోతుంది. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని రోము నగరపు కెల్సస్ మొదటి శతాబ్దిలోనే దాని లక్షణాలు నాలుగు చెప్పాడు. మన సుశ్రుతుడు ఇంకొక అడుగు ముందుకు వేశాడు. వాపును ఆమం, పచ్యమానం, పక్వం అని మూడు దశలుగా విడదీశాడు. అంటే పచ్చిది, పండుతున్నది, పండినది. పచ్చి వాపులో వేడి కొద్దిగానే ఉంటుంది. పండుతున్నప్పుడు నిప్పు పెట్టినట్లు కాలుతుంది. పచ్చిదాన్ని కోసేవాణ్ణీ, పండినదాన్ని ఉపేక్షించేవాణ్ణీ ఇద్దరినీ ఆయన ఒకే గాటన కట్టి నిందించాడు. ఈ రెండు తప్పుల మధ్య దారి వెదకడమే ఈ వ్యాసంలోని కథ అంతా.

హృద్ధమనుల పూడికలో తాపం ఉందని 1850 ప్రాంతంలోనే జర్మనీలో విర్చో అన్నాడు. తరువాత చాలాకాలం ఆ మాటను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కొవ్వు పేరుకోవడం, గొట్టం పూడడం అన్నదే అందరి ఊహా అయింది. తాపం ఉంటే వేడి ఉండాలి కదా, వేడి ఉంటే కొలవవచ్చు కదా అన్న సూటి ప్రశ్నను గట్టిగా పట్టుకున్నవారు టెక్సాస్‌లోని హూస్టన్ నగరంలో కాసెల్స్, విల్లర్సన్ మొదలైనవారు. ముప్పై ఏళ్ళకు పైగా నా దగ్గర ఉన్న జ్వరమాపకం అరచేతి వెనుక భాగమే. పిల్లవాడు బల్ల మీద తల వాల్చితే నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి ఇంటికి పంపేవాణ్ణి. వాళ్ళు చేసినదీ అదే పని, ధమని నుదుటి మీద.

48 మంది రోగుల మెడ ధమనుల నుండి శస్త్రచికిత్సలో తీసిన 50 పూడికలను, తీసిన పావుగంట లోపలే, సూదిమొనలో అమర్చిన ఉష్ణమాపకంతో అక్కడక్కడా తాకి చూశారు. కంటికి ఒకేలా కనబడే చోట్ల కూడా వేడి ఒకేలా లేదు. కొన్ని చోట్లు పక్కవాటికన్నా 0.4 నుండి 2.2 డిగ్రీల సెల్సియస్ వరకు ఎక్కువ వెచ్చగా ఉన్నాయి. కణాలు ఎంత దట్టంగా గుమిగూడితే అంత వేడి. 1996లో 'లాన్సెట్' పత్రికలో ఇది వెలువడింది.

అది దేహం నుండి బయటకు తీసిన ముక్క. కొట్టుకుంటున్న గుండె మీద, అన్నం మెతుకంత సందున్న నాళంలో కొలవడం ఎట్లా? ఆ పని ఏథెన్స్‌లో స్టెఫనాదిస్ బృందం చేసింది. సన్నని గొట్టం కొసన థర్మిస్టరు అనే చిన్న పూస. ఉష్ణోగ్రతను బట్టి దాని విద్యున్నిరోధం మారుతుంది. డిగ్రీలో ఇరవయ్యో వంతు తేడాను కూడా పట్టుకోగలదట. పూస గోడను ఒరుసుకుని ఉండేటట్లు గొట్టానికి రెండో వైపున ఒక చిన్న రెక్క. 1999లో ఫలితాలు ప్రకటించారు. పరీక్షించినది 90 మందిని. అందులో సగం మంది నాళాలు ఆరోగ్యంగా ఉన్నవారు. వాళ్ళ గోడల నిండా ఒకే వేడి. మిగిలిన 45 మంది మూడు తరగతులు, ఒక్కొక్కటి పదిహేనుగురు. నిలకడగా ఉన్న గుండెనొప్పి వారిలో పూడికకూ మంచి గోడకూ మధ్య తేడా సగటున 0.1 డిగ్రీ. నొప్పి ముదిరి అస్థిరంగా ఉన్నవారిలో 0.68. గుండెపోటు వచ్చినవారిలో 1.47. మెట్లు మెట్లుగా ఎంత అందంగా పెరిగాయో చూడండి. మాస్టారు చూసి ఉంటే నల్లబల్ల మీద వ్రాసి కింద గీత గీసేవారు.

రెండేళ్ళ తరువాత వారే మరొక సంగతి ప్రకటించారు. స్టెంటు వేయించుకుని ఇంటికి వెళ్ళిన 86 మందిని సుమారు ఏడాదిన్నర పాటు కనిపెట్టి చూశారు. పూడిక వేడిలో తేడా అర డిగ్రీ, ఆపైన ఉన్నవారిలో నూటికి 41 మందికి మళ్ళీ గుండె సంబంధమైన ఉపద్రవం వచ్చింది. అంతకన్నా తక్కువ ఉన్నవారిలో నూటికి ఏడుగురికే. అర డిగ్రీ! మన ఇళ్ళలోని ఫారన్‌హీటు లెక్కలో ఒక డిగ్రీకి కూడా ఒక పిసరు తక్కువే. అమ్మ చెయ్యి వేస్తే 'కొంచెం వెచ్చబడిందేమో' అనే వేడి.

ఇంతవరకు చదివి, మరి ఆ పరీక్ష మన ఆసుపత్రులలో ఎందుకు లేదని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. మా అమ్మాయి నవ్వి, "మామయ్యా, కాఫీ గ్లాసు పంపు కింద పెట్టి వేడి చూడగలవా?" అంది.

అక్కడే చిక్కంతా. నాళంలో నెత్తురు ఆగకుండా పారుతుంటుంది. అది గోడలోని వేడిని ఎప్పటికప్పుడు తనతో పట్టుకుపోతుంది. ప్రవాహాన్ని కొద్దిసేపు ఆపి కొలిస్తే తేడా పెరిగిందని ఏథెన్స్ వారే 2003లో చూపారు. గుండెపోటు వచ్చినవారిలో అంత పెద్ద తేడా కనబడడానికి నాళం మూసుకుపోయి ఉండడం కూడా కొంత కారణమేమో అన్న సందేహం సహజంగానే వచ్చింది. ఇతర చోట్ల కొలిచినవారికి అంత పెద్ద తేడాలు దొరకలేదు. హాలండులోని రోటర్‌డామ్‌లో గణితం ద్వారా లెక్క కట్టి చూశారు. నెత్తురు వేగం, వేడి ముద్ద ఎంత లోతున ఉన్నది, పూస గోడకు తగిలిందా ఒక వెంట్రుక దూరాన ఆగిందా అన్నవాటిని బట్టి వచ్చే అంకె మారిపోతుందని తేల్చారు. గట్టిగా ఆనిస్తే ఆ పలుచని పొరకే ముప్పు. ఆనించకపోతే మనం కొలిచేది నెత్తురు వేడిని.

ఇంకొక చిక్కు దీనికన్నా లోతైనది. పగిలే లక్షణాలున్న పూడికలు మనిషికి ఒకటే ఉండవు. వాటిలో అధిక భాగం చడీచప్పుడూ లేకుండా మానిపోతాయి. 2011లో వెలువడిన ప్రాస్పెక్ట్ అనే అధ్యయనంలో 697 మంది నాళాల గోడలను ధ్వనితరంగాలతో చూసి, మూడేళ్ళకు పైగా వెంబడించారు. పలుచని పొర ఉన్నట్లు కనబడిన పూడికలలో ఉపద్రవం తెచ్చినవి నూటికి అయిదుకు మించలేదు. అంటే పండినదని తెలిసినా అది పగులుతుందని తెలియదు. సుశ్రుతుడి కాలంలో వైద్యుడికి కనీసం పుండు కంటికి కనబడేది.

ఆ విధంగా ఉష్ణమాపక గొట్టం పరిశోధనశాలల బీరువాలలో ఉండిపోయింది. నాకు మాత్రం దానిమీద చెప్పలేని గౌరవం కలిగింది. 'ఎంత ఇరుకు' అని అడగడం మాని 'ఎంత వేడి' అని అడిగినవారు వాళ్ళు. ఆ ప్రశ్న బతికి ఉంది. 2017లో కాంటోస్ అనే పరీక్షలో 10,061 మందితో, కొలెస్టరాలును ముట్టుకోకుండా తాపాన్ని మాత్రమే తగ్గించే మందు ఇచ్చి చూశారు. ఒక మోతాదులో ఉపద్రవాలు 15 శాతం తగ్గాయి. కాని ప్రాణాంతకమైన అంటురోగాలు కొంత పెరిగాయి. ఇంటికి అంటుకున్న నిప్పును ఆర్పబోతే పొయ్యిలో నిప్పు కూడా ఆరింది! 2024లో కొరియా వైద్యుల నాయకత్వాన 1606 మందిలో, ప్రవాహానికి అడ్డు కాకపోయినా ప్రమాద లక్షణాలున్న పూడికలకు ముందుగానే స్టెంటు వేసి చూశారు. రెండేళ్ళలో ఉపద్రవాలు మందులు మాత్రమే వాడినవారిలో 3.4 శాతం, స్టెంటు కూడా వేసినవారిలో 0.4 శాతం. ఎవరి పూడికను కొయ్యాలన్న వాదం దీనితో ముగిసిందని మా అమ్మాయి అనుకోవడం లేదు. మందులు మాత్రమే వాడినవారిలో కూడా నూటికి తొంభై ఆరుగురికి పైగా ఏమీ కాలేదు కదా అంటుంది.

వీటన్నిటి నడుమ చిన్న వాక్యంగా అది చెప్పిన సంగతి ఒకటి నన్ను పట్టుకుంది. ఏథెన్స్ వారు 2002లో కొలిచి చూస్తే, కొలెస్టరాలు మాత్ర, అదే స్టాటిన్, వాడుతున్నవారి పూడికలలో వేడి తేడా వాడనివారికన్నా తక్కువగా ఉందట. ఆ మాత్ర కొవ్వును తగ్గించడమే కాక మంటను కూడా చల్లారుస్తుంది.

అప్పుడు చెప్పాను, మాస్టారి చేత ఆ మాత్ర మాన్పించినది నేనేనని. అది వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి, "మానకపోతే బతికేవారని నేను చెప్పలేను మామయ్యా. మానినందువల్లనే పోయారనీ చెప్పలేను. కాని ఇంకెవరికీ అలా చెప్పకు" అంది. నేను దానికి అక్షరాభ్యాసం చేయించినవాణ్ణి. తల వంచుకుని సరేనన్నాను.

జూన్‌లో ఊరికి వచ్చాక మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన పోయినప్పుడు ఆ ఇల్లాలు అడిగినది ఒకే మాట: "కాగితాలన్నీ బాగున్నాయన్నారు కదా అన్నయ్యగారూ?" అప్పుడు జవాబు లేక లేచి వచ్చేశాను. ఈసారి జవాబు పట్టుకుని వెళ్ళాను. గోడలో వేడి గురించి, పలుచని పొర గురించి, గట్టు విరిగిన కాలువ గురించి నాకు వచ్చిన భాషలో చెప్పాను. తరువాత మాత్రల సంగతి చెప్పాను. గొంతు సరిగా పలకలేదు.

ఆమె వింటూ కొంగు కొస మడత పెడుతూ కూర్చుంది. మాత్రల మాటకు ఏమీ అనలేదు. చాలాసేపటికి, "అయితే బియ్యం మూట వల్ల కాదంటారా?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. ముందురోజు రాత్రి బియ్యం మూట వచ్చిందట. వసారాలో ఉంటే ఎలుకలు కొట్టేస్తాయి, లోపల పెట్టండి అని ఆమే అన్నదట. ఆయన ఎత్తి లోపల పెట్టారు. తెల్లవారేసరికి అట్లా అయింది. పదకొండేళ్ళుగా ఈ మాట పిల్లలకు కూడా చెప్పలేదట.

నేను చెప్పగలిగినది చెప్పాను. అంత పలుచబడిన పొరకు మూట కాకపోతే తెల్లవారి చలి, చలి కాకపోతే వంతెన ఎక్కే సైకిలు, ఏదో ఒకటి చాలునమ్మా, దానిమీద మీ చెయ్యి లేదు అన్నాను. ఆమె లేచి లోపలికి వెళ్ళింది. కాఫీ తెస్తుందనుకున్నాను. ఆసుపత్రి పేరున్న పాత సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇవి ఇక నా దగ్గర ఎందుకు, మీరు ఉంచండి" అంది.

ఆ సంచి ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఈసీజీ చుట్టలు వెలిసిపోయి గీతలు కనబడడం లేదు. 30, 40 అన్న అంకెలున్న కాగితం బాగానే ఉంది. దానితోపాటు యాంజియోగ్రాం సీడీ ఒకటి. దాన్ని పెట్టి చూడడానికి అర ఉన్న కంప్యూటరు మా ఇంట్లో లేదు.